హల్లాక్ లింబాద్రి

లింబాద్రి చేతిలో పైపు పానా పెడితే ఎండిన కుళాయిలోంచి కూడా నీళ్ళు తెప్పిస్తాడు. కత్తెర పెడితే మాత్రం తన మీసం తాను సమంగా దిద్దుకోలేడు. అలాంటివాడి ఇఖామా కార్డు మీద, అంటే సౌదీలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు మీద, వృత్తి అన్నచోట, ప్రభుత్వ ముద్రతో సహా "హల్లాక్" అని రాసి ఉంది. హల్లాక్ అంటే అరబ్బీలో క్షవరం చేసేవాడు.

ఇందులో లింబాద్రి చేసిన మోసమేమీ లేదు. పదేళ్ళ కిందట హుఫూఫ్ పట్టణం అంచున ఈ ప్రైవేటు యూనివర్సిటీ పెట్టినవాళ్ళు ఎందుకైనా మంచిదని రకరకాల వీసాలు తెచ్చిపెట్టుకున్నారు. హాస్టలు పిల్లలకు క్షవరం చేయడానికి ఒకటి, క్యాంటీనులో మిఠాయిలు చేయడానికి ఒకటి, వ్యవసాయం క్లాసువాళ్ళ మేకలను కాయడానికి ఇంకొకటి. తీరా చూస్తే క్షౌరశాల తెరవలేదు, మిఠాయి పొయ్యి వెలగలేదు, మేకలు రానే రాలేదు. వీసాలు మాత్రం మిగిలిపోయాయి. జగిత్యాల ఏజెంటు వాటిని చేతిలో విసనకర్రలా పట్టుకుని, "ఏదుంటే గదే, ఎక్కుర్రి" అన్నాడు. రద్దీ బస్సులో సీట్లు దొరికినట్టు, ఎవరికి ఏది దొరికితే అందులో వాళ్ళు కూర్చున్నారు.

అలా పైపుల పనివాడు లింబాద్రి హల్లాక్ అయ్యాడు. అతని పక్క ఊరివాడు భూమేష్ చెక్కపనిలో మొనగాడు. కాగితంలో మేకల కాపరి. యూనివర్సిటీ బస్సు నడిపే కడప పీర్ సాహెబ్ మిఠాయి మాస్టరు. ఉద్యోగుల ఫైళ్ళు చూసే హైదరాబాదు గుమాస్తా జునైద్ కాగితంలో దర్జీ. సూదిలో దారం ఎక్కించాలంటే పక్క గదివాణ్ణి పిలుస్తాడు. నలుగురూ ఒకే ఏడు వచ్చారు, ఒకే క్వార్టర్లో ఉంటారు, శుక్రవారం ఒకే గిన్నెలో వండుకుని తింటారు. పదేళ్ళపాటు వాళ్ళ కాగితాల సంగతి ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

అడిగే రోజు వచ్చింది. నితాఖత్ పేరుతో సౌదీ ప్రభుత్వం కంపెనీలన్నిటికీ పూసిన రంగులు 2013లో బిగుసుకున్నాయి. స్వదేశీయులు తగినంతమంది ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు, మధ్యన ఊగిసలాడేవాళ్ళకు పసుపు. మనవైపు పసుపంటే శుభం. అక్కడ పసుపంటే ఎరుపుకు మేనత్త కూతురు. యూనివర్సిటీకి పసుపే పడింది. దానికి తోడు పరాయి దేశపు పనివాళ్ళ మీద పన్ను పెరిగింది, తనిఖీలు పెరిగాయి. చేతిలో పని ఒకటి, కార్డులో పని ఒకటి అయితే పట్టుకుని ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారన్నారు. అయితే సర్కారుకూ దయ ఉంది. నవంబరు మూడో తేదీ దాకా గడువిచ్చి, ఈలోగా కాగితాలు సరిచేసుకోమంది.

నలుగురూ అర్జీలు పెట్టారు. ఆ నాలుగు అర్జీలూ యూనివర్సిటీ పెద్ద, ముదీర్ గారి బల్ల మీద ఐదు వారాలుగా నిద్రపోతున్నాయి. ముదీర్ ఎండాకాలంలో కొత్తగా వచ్చినవాడు. మంచివాడే. కానీ వచ్చిన రోజు నుంచీ ఆయనకు ఒకటే ధ్యాస, యూనివర్సిటీ పదేళ్ళ పండగ. సంతకం మాటెత్తితే, "పండగ అయ్యాక" అంటాడు. పండగ అక్టోబరు ఇరవై మూడున. ఆ తరువాత మిగిలేవి పదకొండు రోజులు.

లింబాద్రికి రోజూ పొద్దున్నే ఫోను మోగుతోంది. అవతల భార్య జయ.

"ఏమైందయ్యా, సంతకం జేసిండా ఆయిన?"

"చేస్తడు తియ్యి."

"చేస్తడు చేస్తడని నెలైంది. పిల్లకు నర్సింగు ఇంక రెండేండ్లున్నది. నువ్వు నడుమల ఇంటికొచ్చి కూసుంటే దాని సదువేం గావాలె?"

 కూతురు స్వర్ణ నర్సింగు కోర్సు పూర్తయ్యేదాకా ఈ ఉద్యోగం ఉండాలి. అతను దేవుణ్ణి అడిగేది అదొక్కటే, అది కూడా రెండేళ్ళకే. ఎక్కువ అడిగితే దేవుడికి కూడా విసుగని అతని నమ్మకం.

పండగకు వారం ముందు జునైద్ తన తెలివి బయటికి తీశాడు. మామూలు తెలివి అయితే బాగుండేది, అతితెలివి తీశాడు. పనివాళ్ళందరికీ మెడలో వేసుకునే బ్యాడ్జీలు తయారుచేసే పని అతనికి అప్పగించారు.

"సునో భాయ్," అన్నాడు అన్నం తింటూ. "ఆ రోజు చీఫ్ గెస్ట్ ఎవరనుకున్నరు? లేబర్ ఆఫీస్ పెద్ద సాబ్, అబూ మిషారీ. నీ బ్యాడ్జి మీద ప్లంబర్ అని కొట్టిస్త అనుకో. ఆయన చూస్తడు, ఇఖామా తియ్యమంటడు, దాంట్ల హల్లాక్ అనుంటది. ఖతం! అందుకే బ్యాడ్జి మీద కూడ హల్లాక్ అనే కొట్టిస్తున్న. పేపర్‌కు పేపర్ మ్యాచింగ్. ఎట్లుంది దిమాగ్?"

"మరి ఆ రోజు పైపులెవలు జూస్తరు?" అన్నాడు లింబాద్రి.

"ఒక్క రోజుకు పైపులకేమైతది యార్?"

పీర్ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ, "ఏమోనప్పా, నాకైతే బాగా అనిపించల్యా. అబద్ధమాడినా అతికినట్టుండాల అంటారు. నన్ను జూస్తే మిఠాయి సేసేటోని మాదిరి ఉండానా?" అన్నాడు.

అయినా జునైద్ బ్యాడ్జీల జాబితా తయారుచేసి ముదీర్ బల్ల మీద పెట్టాడు. ఐదు వారాలుగా ఏ కాగితమూ చదవని ముదీర్, పండగ కాగితం కనుక ఇది చదివాడు. చదివి కుర్చీలోంచి లేచాడు.

"మన దగ్గర హల్లాక్ ఉన్నాడా? మేకల కాపరి ఉన్నాడా? మిఠాయి మాస్టరు, దర్జీ కూడానా! ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు మురిసిపోతూ. పండగలో ఆ ప్రాంతపు, అంటే అల్-అహ్సా, పాతకాలపు అంగడిని గుడారాలు వేసి చూపించాలని ఆయన కోరిక. దానికి మనుషులు దొరకడం లేదని అప్పటిదాకా దిగులు. "బయటినుంచి తెచ్చే పనేముంది, నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. అన్నట్టు, వీళ్ళు వృత్తి మార్చుకుంటామని అర్జీలు పెట్టారటగా? ఇంత అపురూపమైన పనులు వదులుకోవడం ఎందుకు? ఆలోచిద్దాం."

కింద పడ్డ నమూనా బ్యాడ్జీ ఏరుకోవడానికి వంగిన జునైద్ అలాగే వంగి ఉండిపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆ సాయంత్రం క్వార్టర్లో జునైద్‌కు మర్యాద బాగా జరిగింది. భూమేష్ అయితే లేచి నిలబడి మరీ తిట్టాడు. "నాకు మ్యాకలంటెనే భయం రా! చిన్నప్పుడు పొడిచినయి. గిప్పుడు నాలుగు మ్యాకలను తెచ్చి నా పక్కకు కడ్తరట!"

"ఉట్టిగ కూసునుడే భాయ్, షో కోసం. ఎవ్వరు గడ్డం గీయించుకోరు, ఎవ్వరు మ్యాక పాలు పిండమనరు," అని జునైద్ ఒట్టు పెట్టాడు.  

పండగ రోజు తెల్లవారగానే లింబాద్రి తోట దగ్గరికి పరుగెత్తాడు. వేదిక ముందు కొత్తగా ఫౌంటెను కట్టారు. పదేళ్ళకు గుర్తుగా పది ధారలు. దాన్ని కట్టింది బయటి పనివాళ్ళు. నీళ్ళు మాత్రం లింబాద్రి పదేళ్ళ కిందట వేసిన పాత లైనులోంచే రావాలి. ఆ లైన్ల పటం ఎప్పుడో పోయింది. ఏ పైపు ఎక్కడ తిరిగిందో, ఏ వాల్వు ఏ చెట్టు కింద ఉందో లింబాద్రి బుర్రలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

"భాయ్, ఆధా," అని ఆ పనివాళ్ళకు చేత్తో చూపించి మరీ చెప్పాడు. "వాల్వు సగమే తిప్పుర్రి. ఆధా సే జ్యాదా నై. పాత జాయింటుంది."

వాళ్ళు తలూపారు. ఆ తల ఊపు లింబాద్రికి నచ్చలేదు. వద్దన్నదానికీ సరేనన్నదానికీ వాళ్ళు ఒకేలా ఊపుతున్నారు. ఇంకోసారి చెబుదామనుకునేలోపు, వేషం వేసుకోమని పిలుపొచ్చింది.

పది గంటలకు లింబాద్రి కాళ్ళదాకా దిగే తెల్లటి అరబ్బు అంగీ, తోబు, తొడుక్కుని, తలకు గళ్ళ గుడ్డ చుట్టుకుని, గుడారంలో ఒక పాత చెక్క కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎదురుగా అద్దం, ఇత్తడి గిన్నె, కత్తెర, దువ్వెన. మెడలో బ్యాడ్జీ. తాను పనిచేసేచోట దొంగలా నిలబడటం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది. కుడిపక్క గుడారంలో భూమేష్ నాలుగు మేకలకు వీలైనంత దూరంగా, గుంజను కౌగలించుకుని ఉన్నాడు. ఎడమపక్క పీర్ సాహెబ్ బయటినుంచి తెప్పించిన మిఠాయిల ముందు ఠీవిగా కూర్చున్నాడు. "ఇది దేనితో చేశావు?" అని ఒక ప్రొఫెసరు అడిగితే ఆకాశం వైపు చూపించి, "అల్లా దయ" అన్నాడు. అది విని ప్రొఫెసరు కళ్ళు చెమర్చి ఇంకో రెండు తీసుకున్నాడు.

ఒక గంట ఏ గొడవా లేకుండా గడిచింది. జునైద్ కుట్టుమిషను ముందు కూర్చుని దూరం నుంచే బొటనవేలు చూపిస్తున్నాడు, చూశారా నా తెలివి అన్నట్టు.

అప్పుడు వచ్చాడు అబూ మిషారీ. అరవై దాటిన మనిషి, నిండు విగ్రహం, గుండెల మీదికి దిగిన తెల్లని గడ్డం. వెంట ముదీర్ చేతులు నలుపుకుంటూ, ఒక్కో గుడారం ముందు ఒక్కో మాట చెబుతూ నడుస్తున్నాడు. లింబాద్రి గుడారం ముందు పెద్దాయన ఆగిపోయాడు. కుర్చీని చేత్తో తడిమాడు.

"చిన్నప్పుడు మా నాన్న నన్ను ఖైసరియా బజారుకు తీసుకెళ్ళేవాడు," అన్నాడు మెల్లగా. "ఆయన ఇలాంటి కుర్చీలోనే కూర్చునేవాడు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి." ఆ మాట అంటూనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఉపన్యాసానికి ఇంకా టైముంది. గడ్డం కాస్త సరిచెయ్యి, అబ్బాయ్. కొసలు మాత్రమే."

ముదీర్ ముఖం చంద్రబింబమైంది. జునైద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లింబాద్రి కత్తెర తీసుకున్నాడు. కాదంటే హల్లాక్ కాదని తేలిపోతుంది. సరేనంటే లేబర్ ఆఫీసు పెద్ద గడ్డం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యి తవ్వింది జునైద్.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. క్వార్టర్లో శుక్రవారం పూట అందరికీ జుట్టు కత్తిరించేది భూమేష్. ఉలి పట్టిన చెయ్యి కనుక కత్తెర కూడా లొంగింది. లింబాద్రి దిక్కులేని చూపు చూసేసరికి భూమేష్‌కు విషయం అర్థమైంది. తన గుడారం అంచున, పెద్దాయన వీపు వెనక నిలబడి చేతులతో పాఠం మొదలుపెట్టాడు. దువ్వెన పెట్టు, పైకెత్తు, కొస పట్టు, కత్తిరించు. అతను చేతులు ఊపినప్పుడల్లా మేకలు తమను పిలుస్తున్నాడనుకుని దగ్గరికి వచ్చాయి. ఒకటి అతని తోబు అంచు నమలడం మొదలుపెట్టింది. భూమేష్ ఒక చేత్తో పాఠం చెబుతూ, ఒక కాలితో మేకను తోస్తూ, నోటితో ఏడుకొండలవాణ్ణి తలుచుకుంటూ ఉన్నాడు.

అబూ మిషారీకి ఇదంతా అద్దంలో కనిపించింది. "ఆ కాపరికి ఒంట్లో బాగాలేదా?"

"మేకలతోటి మాట్లాడుతున్నడు సార్," అన్నాడు లింబాద్రి తనకొచ్చిన అరబ్బీలో.

"మంచి కాపరి," అని పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

మొదటి కత్తిరింపు పడింది. ఎడమపక్క కొస పోవాల్సిన చోట బొటనవేలంత పోయింది. లింబాద్రి గతుక్కుమన్నాడు. దాన్ని పక్కదానితో సమం చేద్దామని ఇంకొంచెం తీశాడు. సమం కాలేదు. మళ్ళీ తీశాడు. భూమేష్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అది పాఠంలో భాగమేమోనని లింబాద్రి ఒక్క క్షణం అయోమయపడ్డాడు. చూస్తుండగా ఎడమ గడ్డం కుడి గడ్డం కన్నా రెండు వేళ్ళు పొట్టిదైంది. పైపు పొడుగు ఎక్కువైతే కోయొచ్చు, తక్కువైతే జాయింటు వేయొచ్చు. గడ్డానికి జాయింటు ఎక్కడ దొరుకుతుంది?

సరిగ్గా అప్పుడు తోట వైపు నుంచి డబ్బా పగిలినట్టు చప్పుడైంది. లింబాద్రి ఆ చప్పుడు చెవులతో వినలేదు, అరికాళ్ళతో విన్నాడు. పాత జాయింటు పోయింది. ఆ పనివాళ్ళు సగం కాదు, మొత్తం తిప్పేశారు.

ఫౌంటెనులో పది ధారలు లేవాల్సిన చోట ఒక్క ధార కూడా లేవలేదు. వేదిక పక్కన నేల పగిలి తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు చిమ్మాయి. తివాచీల మీద కూర్చున్న విద్యార్థులు అరుస్తూ లేచారు. మైకులకూ దీపాలకూ వేసిన కరెంటు వైర్లు ఆ తివాచీల కిందే ఉన్నాయి. నీళ్ళు వాటి వైపే పోతున్నాయి.

"లింబాద్రి! వైన్ లింబాద్రి?" అని తోటలోంచి నాలుగు గొంతులు అరిచాయి. లింబాద్రి ఎక్కడ? పదేళ్ళుగా ఎక్కడ చుక్క కారినా ఆ యూనివర్సిటీలో మొదట వినిపించే మాట అదే.

"ఎవరా లింబాద్రి?" అన్నాడు అబూ మిషారీ కళ్ళు తెరవకుండానే.

కత్తెర గడ్డంలోనే ఉంది. జునైద్ కుట్టుమిషను వెనకనుంచి వద్దు, వద్దు, కదలకు అని తల అడ్డంగా ఊపుతున్నాడు. కదిలితే లేబర్ ఆఫీసు పెద్ద కళ్ళముందే హల్లాక్ పైపు పని చేసినట్టు. ఎగ్జిట్. స్వర్ణ చదువు సగంలో. ఇవన్నీ లింబాద్రికి ఒక్కసారిగా తలలో తిరిగాయి. వాటి మధ్యలోంచి తివాచీ మీద తడికాళ్ళతో నిలబడ్డ ఒక విద్యార్థి కనిపించాడు. వాడి చేతిలో మైకు కడ్డీ ఉంది.

లింబాద్రి కత్తెర గిన్నెలో పడేసి తోబు మోకాళ్ళ పైకి దోపుకుని పరుగెత్తాడు. "వైర్లు! కరెంటు బంద్ చెయ్యుర్రి! మైకు ఇడిచిపెట్టురా!" అని అరుస్తూ, మూడో ఖర్జూరం చెట్టు మొదట్లో మూత ఎత్తి గుంతలోకి దూకాడు. బస్సు నడిపి నడిపి చురుకైన పీర్ సాహెబ్ మిఠాయిలు వదిలేసి మెయిన్ స్విచ్చు దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికి కరెంటు తీసేశాడు. గుంతలో మూలన లింబాద్రి ఎప్పుడూ దాచుకునే పానా ఉంది. వాల్వు బిగుసుకుపోయి ఉంది. బతిమాలాడు, బూతులు తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. అది తిరిగింది. నీళ్ళు తాటిచెట్టంత నుంచి మనిషంతకు, మనిషంత నుంచి మోకాలంతకు దిగి ఆగిపోయాయి.

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నడుములోతు బురదలో నిలబడ్డ లింబాద్రికి ఆ చప్పట్లు వినబడలేదు. గుంత మీద ఒక నీడ పడింది. తలెత్తి చూశాడు. కుడిపక్క నిండుగా, ఎడమపక్క కొరికినట్టుగా ఉన్న గడ్డంతో అబూ మిషారీ. ఆయన వెనక బట్టలు పైకి పట్టుకున్న ముదీర్. ముదీర్ వెనక జునైద్.

"ఇఖామా," అన్నాడు పెద్దాయన.

లింబాద్రి తడి చేత్తో తీసిచ్చాడు. ఆయన చదివాడు.

"హల్లాక్ అని ఉంది. నువ్వు హల్లాక్‌వేనా?"

జునైద్ వెనకనుంచి గాలిలో కత్తెర ఆడిస్తున్నాడు, అవునను, అవునను అని. లింబాద్రి తన చేతిలో పానా చూసుకున్నాడు. నువ్వెవరని పదేళ్ళలో అతన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగాక, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. భయం వేసింది. కానీ భయం కన్నా ముందు, చెప్పేయాలన్న ఆత్రం పుట్టింది.

"లా, కాదు సార్. నేను సబ్బాక్. పైపుల పని. ఈ భూమి కింద ఉన్న ప్రతి పైపు నేనే ఏసిన."

"మరి నా గడ్డం మీద కత్తెర ఎందుకు పెట్టావు?"

"మీరు కూర్చున్నరు కద సార్."

అబూ మిషారీ పొట్టిదైన ఎడమ గడ్డం తడుముకున్నాడు. "నీకు రాదని మొదటి కత్తిరింపుకే తెలిసింది," అన్నాడు చివరికి.

 "తెలిసి కూడ ఎందుకు కూర్చున్నరు సార్?"

"నీ చేతులు అంతగా వణుకుతున్నాయి. ఇంతమందిలో లేచిపోతే ఏమైపోతావో అని." ఆయన ముదీర్ వైపు తిరిగాడు. "కాగితం సరిచేయమని ఇతను అర్జీ పెట్టుకోలేదా?"

"పెట్టాడు, పెట్టాడు. నా బల్ల మీదే ఉంది. పండగ అయ్యాక..."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు వారాలు, సార్," అన్నాడు జునైద్. తెలివి లేకుండా అతను మాట్లాడిన మొదటి మాట అదే, సూటిగా తగిలింది.

"గడువు దాటగానే, పన్నెండో రోజున మా మనుషులు ఇక్కడికి వస్తారు," అన్నాడు అబూ మిషారీ ముదీర్‌తో, గొంతు పెంచకుండా. "చట్టం చట్టమే. ఇతన్ని తీసుకుపోతారు. తీసుకుపోయాక ఈ నీళ్ళు ఎవరు ఆపుతారు? మీరా?"

ముదీర్ తన బూట్లు చూసుకున్నాడు. అవి కనిపించడం లేదు, నీళ్ళలో ఉన్నాయి. "జునైద్," అన్నాడు, "ఆ ఫైలు పట్టుకురా."

జునైద్ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. అందరూ గుడారంలోకి వచ్చాక, క్షౌరశాల అద్దాన్ని బోర్లించి దాని వీపు మీద కాగితాలు పెట్టారు. ముదీర్ నాలుగు సంతకాలు చేశాడు. రేపు ఏడు గంటలకు నలుగురినీ తన దగ్గరికి పంపమన్నాడు అబూ మిషారీ. లింబాద్రి అరబ్బీ మాట్లాడగలడు కానీ చదవలేడు. తన అర్జీ దగ్గర వంగి, "గిండ్ల నా పని యాడ రాసున్నది?" అని అడిగాడు. జునైద్ చూపించాడు. లింబాద్రి చెయ్యి తుడుచుకుని ఆ మాట మీద వేలు పెట్టాడు. ఎంత తుడిచినా కాస్త బురద అంటింది.

"అరె, మరక యార్!"

"ఉండనివ్వు," అన్నాడు అబూ మిషారీ.

లింబాద్రికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చాడు. పీర్ సాహెబ్ అతని తడి భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోప్పా, ఊరుకో. ఈడ నీళ్ళు సాలవనా?" అన్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"ఇక సగం గడ్డంతో నేను వేదిక ఎక్కలేను," అంటూ పెద్దాయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "కానియ్యి."

"నాకు రాదు సార్," అన్నాడు లింబాద్రి. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో! "వానికొస్తది." భూమేష్‌ను చూపించాడు.

అబూ మిషారీ భూమేష్ బ్యాడ్జీ చదివాడు. "మేకల కాపరికా?"

"వాడు కాపరి కాదు సార్, చెక్కపని."

"మరి కత్తెర?"

"శుక్రవారాలు."

"నాకు మిఠాయి పెట్టినతను?"

"బస్సు డ్రైవర్ని సార్," అన్నాడు పీర్ సాహెబ్.

పెద్దాయన చూపు జునైద్ మీద పడింది. అడగకముందే జునైద్ చేతులు కట్టుకుని, "దర్జీని సార్. గుండీ కూడ కుట్టరాదు," అన్నాడు.

"సుబ్హానల్లా," అని అబూ మిషారీ తల వెనక్కి వాల్చాడు. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. భూమేష్ ఆయన నవ్వు తగ్గేదాకా ఆగి, కుడిపక్కను ఎడమకు తగ్గట్టు దించి, రెండూ కలిపి ఒక పొట్టి గడ్డంగా తీర్చాడు. ముందుకన్నా పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడని ముదీర్ అన్నాడు. ముదీర్ మాట కనుక నమ్మనక్కరలేదు కానీ, అబూ మిషారీ అద్దం రెండుసార్లు అడిగి చూసుకున్న మాట నిజం.

ఆ సందట్లో లింబాద్రి పాత జాయింటు తీసి కొత్తది వేశాడు. గంట ఆలస్యంగా కరెంటొచ్చింది. ఈసారి వాల్వు దగ్గర అతనే నిలబడి సగమే తిప్పాడు. పది ధారలూ ఒకే ఎత్తున లేచాయి. విద్యార్థులు కేకలు వేశారు. భూమేష్, పీర్ సాహెబ్, జునైద్ వచ్చి అతని పక్కన నిలబడ్డారు. చేతిలో మిగిలిపోయిన మిఠాయిలు.

వేదిక వైపు నడుస్తూ అబూ మిషారీ వాళ్ళ ముందునుంచి వెళ్ళాడు. లింబాద్రి వైపు ఒకసారి చూశాడు, అతని చేతి వైపు ఒకసారి చూశాడు. లేబర్ ఆఫీసు కారు గేట్లోకి వచ్చిందంటే చాలు, పానాను పొదలోకి విసిరేసి చేతులు జేబులో పెట్టుకోవడం, తనిఖీలు పెరిగినప్పటినుంచీ లింబాద్రికి ఊపిరంత అలవాటు. పొద పక్కనే ఉంది. లింబాద్రి అటు చూడను కూడా చూడలేదు. పెద్దాయనకు సలాం కొట్టాడు, పానా ఉన్న చేత్తోనే.